రూట్ కెనాల్ తర్వాత పన్ను నిలవాలంటే... ఫైబర్ పోస్టు – ఒక పాఠం

 

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదో ఒకటి రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసి చెప్పారు. కవిత రాయడం మాకు చేతకాదు. జ్ఞాపకాలు రాద్దామంటే ట్రంకు పెట్టెలు, నీళ్ళచారు, పరీక్షల ముందు వరండా లైటు కింద చదువులు... ఇవన్నీ ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు మాకంటే బాగానే రాస్తున్నారు. అందుకని మేము చదువుకున్న విషయాన్నే ఒక పాఠంగా రాస్తున్నాం.

మేము ఇక్కడ 3వ తరగతి నుంచి 10వ తరగతి వరకు ఉన్నాం. ఇంటర్‌లో బై.పి.సి. చదివి, బి.డి.ఎస్. పూర్తి చేసి, ఇప్పుడు ఎం.డి.ఎస్. మొదటి సంవత్సరంలో ఉన్నాం. పన్ను పీకకుండా కాపాడే విభాగం మాది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు.

పాఠం పేరు ఫైబర్ పోస్టు. పోస్టు అనగానే ఉద్యోగం పోస్టు అనుకునేరు! ఇది పంటి వేరులో పెట్టే సన్నని పుల్ల. దీని గురించి చెప్పేముందు మా అమ్మ పన్ను సంగతి చెప్పాలి.

అమ్మ పన్ను

మేము బి.డి.ఎస్.లో చేరిన ఏడాది అమ్మకు కింది దవడ పన్ను పుచ్చి విపరీతమైన నొప్పి వచ్చింది. లవంగం పెట్టుకుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, తగ్గలేదు. టౌన్లో ఒక డాక్టరు గారు రూట్ కెనాల్ చేశారు. నొప్పి పోయింది. "ఇంకా క్యాప్ వేయించుకోవాలమ్మా, మళ్ళీ రండి" అని ఆయన చెప్పి పంపారు. "నొప్పి తగ్గింది కదయ్యా, పంటికి టోపీ ఎందుకు?" అని అమ్మ మాతో నవ్వుతూ అంది. ఆ క్యాప్ కోసం దాచిన డబ్బులు మా పుస్తకాలకూ, మెస్ బిల్లుకూ వచ్చాయి. మేము కూడా వద్దనలేదు. అప్పటికి మాకూ తెలియదు.

ఎనిమిది నెలల తర్వాత వేయించిన శనగలు తింటుంటే ఆ పన్ను నిలువునా రెండుగా చీలింది. చీలిక వేరు దాకా పోయింది. ఇక పీకించడం తప్ప మరో దారి లేకపోయింది. రూట్ కెనాల్‌కు పెట్టిన డబ్బు పోయింది, పన్నూ పోయింది. ఎందుకు చీలిందో నాలుగో సంవత్సరంలో మా సబ్జెక్టు చదివినప్పుడు గానీ మాకు అర్థం కాలేదు. మన ఇళ్ళలో ఇలా పోయిన పళ్ళు ఎన్నో! మీ ఇళ్ళలో ఒక్క పన్నైనా ఇలా పోకూడదనే ఈ పాఠం.

పన్ను లోపల ఏముంది?

సైన్సు పుస్తకంలో దంత ఫార్ములా చదివే ఉంటారు. ప్రతి దవడలో ఒక పక్కన 2 కుంతకాలు, 1 రదనిక, 2 అగ్రచర్వణకాలు, 3 చర్వణకాలు. మొత్తం 32. మన మాటల్లో ముందు పళ్ళు, కోరపన్ను, చిన్న దవడపళ్ళు, పెద్ద దవడపళ్ళు.

చిగురు పైన కనబడే భాగం కిరీటం. చిగురు లోపల, ఎముకలో ఉండేది వేరు. కిరీటం మీద తెల్లగా మెరిసేది ఎనామిల్. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం ఇదే. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దాని కింద పసుపు ఛాయలో ఉండేది డెంటిన్. పన్నులో ఎక్కువ భాగం ఇదే. దీనిలో ఖనిజం సుమారు 70 శాతం, మిగిలింది సేంద్రియ పదార్థం, నీరు. అందుకే డెంటిన్ ఎనామిల్‌లా పెళుసుగా ఉండదు, కొద్దిగా వంగుతుంది, సాగుతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది. అన్నిటికంటే లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. దీన్ని పల్ప్ అంటారు. రక్తనాళాలు, నరాలు అందులోనే ఉంటాయి. అది వేరులోని సన్నని కాలువ గుండా చివరి వరకు వెళుతుంది.

పుచ్చు ఎనామిల్ దాటి, డెంటిన్ దాటి పల్ప్‌కు చేరితే రాత్రిళ్ళు నిద్రపట్టని నొప్పి మొదలవుతుంది. కిందపడి పన్ను విరిగినా పల్ప్ చచ్చిపోవచ్చు. అప్పుడు చేసేదే రూట్ కెనాల్. పన్నుకు రంధ్రం చేసి, చెడిపోయిన పల్ప్‌ను తీసివేసి, కాలువలను సన్నని ఫైళ్ళతో సాపుచేసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి, గట్టాపెర్చా అనే పదార్థంతో నింపుతారు. గట్టాపెర్చా మలేషియా, ఇండోనేషియా ప్రాంతాల చెట్ల పాల నుంచి వస్తుంది. రబ్బరుకు దగ్గరి చుట్టం.

దీంతో వేరు బాగుపడుతుంది. మరి కిరీటం సంగతి? అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

రూట్ కెనాల్ చేసిన పన్ను ఎందుకు విరుగుతుంది?

"రూట్ కెనాల్ చేస్తే పన్ను ఎండిపోయి పెళుసవుతుంది, అందుకే విరుగుతుంది" అని చాలామంది అంటారు. పూర్వం డాక్టర్లు కూడా అలాగే అనుకునేవారు. కాని పరీక్షించి చూస్తే డెంటిన్‌లో వచ్చే తేడా చాలా స్వల్పమని తేలింది.

1989లో రీహ్, మెస్సర్, డగ్లస్ అనే పరిశోధకులు పీకిన అగ్రచర్వణకాల మీద ఒక ప్రయోగం చేశారు. రూట్ కెనాల్ కోసం చేసే రంధ్రం వల్ల పన్ను దృఢత్వం సుమారు 5 శాతమే తగ్గింది. నమిలే తలం మీద మాత్రమే గుంట చేస్తే 20 శాతం తగ్గింది. ఆ గుంట పన్నుకు అటూ ఇటూ ఉన్న రెండు పక్క అంచులనూ తినేస్తే ఏకంగా 63 శాతం తగ్గింది.

అంటే ఏమిటి? పన్నును బలహీనం చేసేది రూట్ కెనాల్ కాదు. పుచ్చు వల్లనో, దెబ్బ వల్లనో పోయిన పంటి భాగం. నాలుగు గోడల ఇంటికి రెండు గోడలు కూలిపోతే మిగిలిన రెండు గోడలు ఎంతకాలం నిలుస్తాయి? మా అమ్మ పన్నుకు జరిగింది అదే. మధ్యలో గుంట, రెండు పక్కల పలచని గోడలు. శనగ గింజ ఆ రెండు గోడల మధ్య మేకులా దిగింది. పైన తొడుగు ఉండి ఉంటే ఆ గోడలను కలిపి పట్టుకునేది.

2002లో అక్విలినో, కాప్లాన్ అనేవారు ప్రచురించిన పరిశీలన కూడా ఇదే చెబుతుంది. రూట్ కెనాల్ తర్వాత తొడుగు వేయని పళ్ళు, తొడుగు వేసిన పళ్ళకంటే 6 రెట్లు ఎక్కువగా ఊడగొట్టాల్సి వచ్చింది.

పోస్టు ఎందుకు పుట్టింది?

పన్నులో సగం పైగా మిగిలి ఉంటే అందులో గట్టి ఫిల్లింగ్ చేసి, పైన తొడుగు వేస్తే సరిపోతుంది. కాని ముందు పన్ను విరిగి చిగురు దగ్గర కాస్త మొదలు మాత్రమే మిగిలిందనుకోండి. తొడుగు దేనికి తొడగాలి? లోపల ఒక దిమ్మె కట్టాలి. దాన్ని కోర్ అంటారు. ఆ దిమ్మె ఊడిపోకుండా పట్టుకునేందుకు వేరులోకి ఒక గుంజ దించాలి. ఆ గుంజే పోస్టు.

ఈ ఆలోచన పాతదే. ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియరీ ఫోషార్ 1728లో అచ్చువేసిన గ్రంథంలో వేరులో బంగారం, వెండి పుల్లలు దించి కృత్రిమ దంతాన్ని నిలబెట్టే పద్ధతి వర్ణించాడు. కొయ్య పుల్లలు కూడా వాడి చూశారు. కొయ్య నోటి తడికి ఉబ్బి వేరును చీల్చేది. బండరాతి పగులులో కొయ్య మేకులు దిగ్గొట్టి నీళ్ళు పోస్తే రాయి చీలుతుందని పెద్దలు చెప్పగా విన్నారు కదా, అదే సూత్రం. ఆ తర్వాత 20వ శతాబ్దంలో పోతపోసిన లోహపు పోస్టులు వచ్చాయి. వేరు అచ్చు తీసి, దానికి తగ్గట్టు లోహాన్ని పోతపోసేవారు. ఇవి ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి, బాగా చేస్తే చాలా ఏళ్ళు నిలుస్తాయి కూడా.

1990లో ఫ్రాన్సులో డ్యూరే, ఆయన సహచరులు లోహం లేని పోస్టును పరిచయం చేశారు. అది కార్బన్ పోగులతో చేసినది, నల్లగా ఉండేది. ముందు పళ్ళకు నలుపు రంగు బాగుండదు కదా! తర్వాత తెల్లని గాజు పోగులతో, క్వార్ట్జ్ పోగులతో చేసినవి వచ్చాయి. ఇప్పుడు మేము విభాగంలో వాడేది గాజు పోగుల పోస్టు. వేలాది సన్నని గాజు పోగులను ఒకే దిశలో పేర్చి, రెజిన్ అనే జిగురులో బిగించి కడ్డీగా చేస్తారు. చూడ్డానికి అగ్గిపుల్లకంటే సన్నగా, తెల్లగా ఉంటుంది.

యంగ్ గుణకం ఎక్కడ పనికొచ్చింది?

ఇంటర్ భౌతికశాస్త్రంలో స్థితిస్థాపకత పాఠంలో యంగ్ గుణకం చదువుతారు. "ఇది మాకెందుకు సార్, మేము బై.పి.సి. వాళ్ళం" అని మేము కూడా అప్పట్లో గొణుక్కున్నాం. ఇదిగో ఇక్కడ పనికొచ్చింది.

యంగ్ గుణకం ఎంత ఎక్కువుంటే ఆ వస్తువు అంత బిర్రుగా, వంగకుండా ఉంటుంది. డెంటిన్‌కు ఇది సుమారు 18 గిగాపాస్కల్‌లు. స్టెయిన్‌లెస్ స్టీలుకు సుమారు 200. టైటానియంకు సుమారు 110. గాజు పోగుల పోస్టుకు, రకాన్ని బట్టి, బలం పడే దిశను బట్టి, సుమారు 20 నుంచి 40 వరకు ఉంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. మట్టిగోడలో ఇనుప గునపం దించి దాని పైకొనను అటూ ఇటూ ఊపితే ఏమవుతుంది? గునపం వంగదు. బలమంతా కింద గోడ మీద పడి గోడ పగులుతుంది. అదే స్థానంలో వెదురు బద్ద ఉంటే గోడతోపాటు అదీ కొంచెం వంగుతుంది, బలం ఒకచోట కాక అంతటా సర్దుకుంటుంది. లోహపు పోస్టు గునపం వంటిది, ఫైబర్ పోస్టు వెదురు బద్ద వంటిది. డెంటిన్ కొద్దిగా వంగుతుందని ముందు చెప్పుకున్నాం కదా, ఫైబర్ పోస్టు దానితోపాటు వంగుతుంది.

దీని అర్థం ఫైబర్ పోస్టు ఎప్పటికీ పాడవదని కాదు. పాడయ్యే తీరు వేరు. లోహపు పోస్టు విఫలమైతే వేరే చీలే ప్రమాదం ఎక్కువ. వేరు చీలితే పన్ను పీకాల్సిందే. ఫైబర్ పోస్టు విఫలమైతే చాలాసార్లు అంటు వదిలి ఊడి వస్తుంది. వేరు బాగుంటే శుభ్రం చేసి మళ్ళీ పెట్టవచ్చు. ఓడినా మరో అవకాశం మిగులుతుంది. సప్లిమెంటరీ పరీక్ష ఉన్నట్టు అన్నమాట!

రంగు కూడా ఒక లాభం. లోహం ముందు పంటి చిగురులోంచి నల్లగా నీడలా కనబడవచ్చు. తెల్లని పోస్టుకు ఆ ఇబ్బంది లేదు.

అన్నిటికంటే ముఖ్యం – పొన్ను

ఇంతవరకు చదివి "అయితే ఫైబర్ పోస్టు పెట్టిస్తే పన్ను ఉక్కులా అవుతుందన్నమాట" అనుకున్నారా? కాదు. పరీక్షలో ఎక్కువమంది తప్పు రాసేది ఇక్కడే.

పోస్టు పన్నుకు బలం ఇవ్వదు. 1984లో సోరెన్‌సెన్, మార్టినాఫ్ అనేవారు 1273 రూట్ కెనాల్ పళ్ళను పరిశీలించారు. పోస్టు పెట్టడం వల్ల పళ్ళు బలపడినట్టు కనిపించలేదు. దవడపళ్ళకు మాత్రం తొడుగు వేయడం వల్ల స్పష్టమైన మేలు కనిపించింది. పోస్టు పని ఒక్కటే, పైన కట్టిన దిమ్మెను పట్టుకోవడం. పైగా దాన్ని దించడానికి వేరులో చోటు చేయాలంటే కొంత డెంటిన్ తీయాలి కూడా. అనవసరంగా పెడితే లాభం బదులు నష్టమే.

మరి పన్నును నిలబెట్టేది ఏమిటి? మన ఇళ్ళలో రోకలి చూశారు కదా. దాని అడుగున ఇనుప కట్టు ఉంటుంది. దాన్ని పొన్ను అంటాం. పొన్ను లేని రోకలితో దంచితే కర్ర చివర చీలికలు వస్తాయి. పొన్ను చుట్టూ బిగించి పట్టుకుంటుంది కాబట్టే ఎంత దంచినా చీలదు. పంటికి తొడుగు చేసే పని కూడా అదే. అయితే ఒక షరతు ఉంది. పొన్ను బిగించడానికి కర్ర ఉండాలి! చిగురు పైన చుట్టూరా కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తున, సుమారు 1 మిల్లీమీటరు మందాన గట్టి సొంత పన్ను మిగిలి ఉండాలి. తొడుగు అంచు ఆ సొంత పన్నును చుట్టి పట్టుకోవాలి, కట్టిన దిమ్మెను కాదు. మా పుస్తకాల్లో దీన్ని ఫెరూల్ అంటారు. ఆ ఇంగ్లీషు మాటకు అర్థం పొన్నే. రోకలి దంచిన అమ్మల పిల్లలం కాబట్టి ఈ పాఠం మాకు క్లాసులో తొందరగానే ఎక్కింది.

2 మిల్లీమీటర్లు అంటే ఎంత? రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెడితే ఇంచుమించు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకంటే తక్కువ. ఆ కాస్త పన్ను ఉందా లేదా అన్నదాని మీదే పోస్టు ఏళ్ళ తరబడి నిలవడమా, త్వరగా ఊడిపోవడమా అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఒక తమ్ముడి పన్ను

మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న ఒక తమ్ముడు పోయిన ఏడాది మా దగ్గరికి వచ్చాడు. 8వ తరగతిలో కబడ్డీ ఆడుతూ పడి పై ముందు పన్ను విరగ్గొట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. నొప్పి తగ్గాక మరిచిపోయాడు. పన్ను నల్లబడింది, కొన్నాళ్ళకు ఇంకాస్త విరిగింది. "అన్నా, ఫొటోలో నవ్వమంటే నోరు మూసుకుంటున్నా. ఇంటర్వ్యూకి వెళ్ళాలంటే భయమేస్తోంది" అన్నాడు. అన్నంతసేపూ చెయ్యి మూతికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు.

ఎక్స్‌రే తీశాం. వేరు నిటారుగా, మంచి పొడవుగా ఉంది. చిగురు పైన చుట్టూ 2 మిల్లీమీటర్లకు పైగా గట్టి పన్ను మిగిలింది. మా ప్రొఫెసర్ గారు చూసి "పొన్నుకు చోటుంది, కాపాడవచ్చు" అన్నారు. ఆయన పర్యవేక్షణలో చేసిన పని వరుసగా ఇదీ:

1. ముందు రూట్ కెనాల్ పూర్తి చేశాం. వేరు చివర ఉన్న ఇన్ఫెక్షన్ తగ్గుముఖం పట్టేవరకు ఆగాం.

2. పంటి చుట్టూ రబ్బరు తెర బిగించాం. ఉమ్మి ఒక్క చుక్క తగిలినా అంటు సరిగా పట్టదు.

3. వేరులోంచి కొంత గట్టాపెర్చా తీసి పోస్టుకు చోటు చేశాం. ఇక్కడ చిన్న లెక్క ఉంది. పై ముందు పన్ను వేరు సగటున 13 మిల్లీమీటర్లు. చివర కనీసం 4 నుంచి 5 మిల్లీమీటర్ల గట్టాపెర్చా వదిలేయాలి. లేకపోతే వేరు చివరి మూత వదులై క్రిములు కిందికి దిగుతాయి. 13లోంచి 5 తీసేస్తే 8. అంటే వేరులో పోస్టు 8 మిల్లీమీటర్లు దిగుతుంది, వేరులో ఇంచుమించు మూడింట రెండు వంతులు. పోస్టు లావు వేరు లావులో మూడోవంతు మించకూడదు.

4. పోస్టు దించి చూసి, మళ్ళీ ఎక్స్‌రేతో సరిచూసుకున్నాం. తర్వాత పోస్టును ఆల్కహాలుతో తుడిచాం.

5. పంటి లోపల 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 15 సెకన్లు ఉంచి కడిగాం. ఆమ్లం డెంటిన్ ఉపరితలంలో కంటికి కనబడని సూక్ష్మ రంధ్రాలను తెరుస్తుంది. బంధక ద్రవం వాటిలోకి ఇంకి గట్టిపడుతుంది. గోడకు ప్లాస్టరింగ్ చేసేముందు గాట్లు పెట్టడం లాంటిదే.

6. రెజిన్ సిమెంటు వేసి పోస్టును దించి నీలి కాంతి వేశాం. వేరు లోతుల్లోకి కాంతి సరిగా చేరదు కనుక కాంతితోనూ, కాంతి లేకుండా రసాయన చర్యతోనూ, రెండు విధాలా గట్టిపడే సిమెంటు వాడతారు.

7. పోస్టు చుట్టూ కాంపోజిట్‌తో దిమ్మె కట్టి, పన్ను ఆకారంలో చెక్కి, అచ్చు తీసి, తర్వాతి వారాల్లో పింగాణీ తొడుగు అతికించాం.

ఇందులో ఒక విశేషం చెప్పాలి. మనం పంటినొప్పికి పెట్టుకునే లవంగంలో యూజినాల్ ఉంటుంది. రూట్ కెనాల్ నింపేటప్పుడు వాడే కొన్ని సిమెంట్లలో కూడా అదే ఉంటుంది. నొప్పికి మంచిదే గాని రెజిన్ గట్టిపడడాన్ని అది అడ్డుకుంటుంది. అందుకే పోస్టు పెట్టేముందు వేరు గోడలను బాగా శుభ్రం చేయాలి.

తొడుగు అతికించిన రోజు అద్దం చేతికిచ్చాం. ఆ తమ్ముడు చాలాసేపు చూసుకున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా "థ్యాంక్స్ అన్నా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు, మాకు అది చాలు.

అదే నెలలో మరొకాయన వచ్చారు. వ్యవసాయ కూలి. రూట్ కెనాల్ చేయించుకుని రెండేళ్ళు తాత్కాలిక సిమెంటుతోనే గడిపారు. పన్ను చిగురు లోపలికి విరిగింది, మిగిలిన మొదలు పుచ్చి మెత్తబడింది. పొన్నుకు చోటు లేదు. చిగురు, ఎముక కొంచెం కోసి వేరును బయటపెట్టడం గాని, క్లిప్పులతో వేరును మెల్లగా పైకి లాగడం గాని కొన్ని పళ్ళకు చేస్తారు. ఆయన వేరు పొట్టిది, దేనికీ అందలేదు. పీకక తప్పలేదు. ఇద్దరికీ అదే విభాగం, అవే పరికరాలు, అదే పోస్టు. తేడా ఆ 2 మిల్లీమీటర్లే.

పోస్టు అక్కరలేని చోట్లు

- ముందు పన్నుకు చిన్న రంధ్రం తప్ప మిగిలినదంతా బాగుంటే ఫిల్లింగ్ చాలు.

- పెద్ద దవడపళ్ళకు చాలావరకు పోస్టు అవసరం రాదు. లోపలి గది పెద్దది, దిమ్మెను అదే పట్టుకుంటుంది. తొడుగు మాత్రం తప్పనిసరి అనుకోవాలి. మా అమ్మ పన్నుకు పోస్టు కూడా అక్కరలేదు, తొడుగు ఒక్కటే కావలసింది.

- వేరు మరీ పొట్టిగా, వంకరగా ఉన్నా, నిలువుగా చీలినా పోస్టు పనికిరాదు.

- వేరు చివర చీము ఇంకా ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

గుర్తుంచుకోవలసినవి

1. నొప్పి తగ్గడంతో రూట్ కెనాల్ వైద్యం పూర్తయినట్టు కాదు. పైన శాశ్వత ఫిల్లింగ్, అవసరమైతే తొడుగు పడితేనే పూర్తి. ఖర్చు అడిగేటప్పుడే "తొడుగుతో కలిపి ఎంత?" అని అడగండి. లేకపోతే సగంలో డబ్బులు చాలక ఆగిపోతాం.

2. తాత్కాలిక సిమెంటును రెండు మూడు వారాలకు మించి నమ్మవద్దు. దాని పక్కల నుంచి ఉమ్మి, క్రిములు లోపలికి దిగుతాయి.

3. ఆటల్లో పన్ను విరిగితే ఆ రోజే వార్డెన్ సార్‌కు చెప్పండి. తిడతారేమోనని దాచవద్దు. విరిగిన ముక్క దొరికితే పాలలోనో, నీళ్ళలోనో వేసి తీసుకువెళ్ళండి. కొన్నిసార్లు ఆ ముక్కనే అతికించవచ్చు. పన్ను వేరుతో సహా ఊడిపోతే వేరును ముట్టుకోకుండా, రుద్దకుండా, కిరీటం పట్టుకుని పాలలో వేసి గంటలోపే దంతవైద్యుని దగ్గరికి చేరండి.

4. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జరిగే ఆరోగ్య పరీక్షలో పళ్ళు కూడా చూస్తారు. డాక్టర్ల బృందం వచ్చినరోజు నోరు తెరిచి చూపించండి, బాత్రూముల వెనక దాక్కోకండి. మేము దాక్కున్నాం, అందుకే చెబుతున్నాం.

5. హైదరాబాద్, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. మా వంటి పి.జి. విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు. ఎక్కువసార్లు తిరగాలి, సమయం పడుతుంది. ఖర్చు మాత్రం బయటికంటే చాలా తక్కువ.

6. తొడుగు వేసిన పన్ను కూడా పుచ్చుతుంది, తొడుగు అంచు దగ్గర. పొద్దున, రాత్రి ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోవాలి. ఆ పంటితో చెరకు చీల్చడం, సీసా మూతలు తీయడం, బొమికలు కొరకడం చేయకూడదు.

చివరిగా

పోస్టు బయటి నుంచి వచ్చే సాయం. అది పట్టుకోవడానికి సొంత పన్ను కొంచెమైనా మిగలాలి. మన దగ్గర చాలామంది పన్ను చివరిదాకా విరిగిపోయాక వస్తారు. అజ్ఞానం వల్ల కొందరు, డబ్బులు లేక కొందరు, కూలి పోతుందని కొందరు. మా అమ్మ మూడు కారణాలతోనూ ఆగింది. డబ్బు సంగతి మనం ఒక్కరోజులో మార్చలేం. తెలియకపోవడాన్ని మాత్రం ఈ పూటే మార్చవచ్చు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క పని చేయండి. అమ్మను, నాన్నను, తాతను కూర్చోబెట్టి అడగండి: "రూట్ కెనాల్ చేయించుకున్న పన్ను ఏదైనా ఉందా? దానిమీద తొడుగు ఉందా?" లేదంటే ఈ పాఠం చదివి వినిపించండి. పొన్ను గురించి చెబితే వాళ్ళకు మనకంటే బాగా అర్థమవుతుంది.

మన హాస్టల్ వార్షికోత్సవానికి హృదయపూర్వక శుభాకాంక్షలతో,

ఒక పూర్వ విద్యార్థి,
ఎం.డి.ఎస్. మొదటి సంవత్సరం